జపానువారి నడుమ పరదేశపు పంతులు

ఒక గ్రామమునకు దూరదేశమునుండి ఉపాధ్యాయుడు వచ్చినాడనుకొనుడు. అతని మాట వేరు, కట్టు వేరు, తిండి వేరు. ఊరివారు అతనికి బస చూపుదురు. పాలును పెరుగును పంపుదురు. వీధిలో కనబడినప్పుడు చేతులు జోడింతురు. అయినను చావడిలో పదిమందియు చేరి ఊరి వ్యవహారము మాటలాడుకొనుచుండగా అతడు దాపునకు వచ్చెనేని మాట ఆగిపోవును. మర్యాదకు లోపము లేదు. కాని అతడింకను బయటివాడే. ఈ బయటికిని లోపలికిని నడుమనున్న గడపను దాటుట ఎట్లు? దాటినవానికి కలుగు లాభమేమి, నష్టమేమి? జపాను దేశమున కాపురముండిన పరదేశోపాధ్యాయుల నిత్యజీవనమును చూచినచో ఈ ప్రశ్నకు కొంత సమాధానము దొరకును.

మొదట వారచ్చటికి పోవలసిన కారణమును చెప్పెదను. 1868లో జపానున పాత దొరతనము పోయి మెయిజీ చక్రవర్తి ప్రభుత్వము ఏర్పడెను. ఆ యేటనే ప్రకటింపబడిన అయిదంశముల ప్రతిజ్ఞలో కడపటిది, లోకమున ఎచ్చటనున్నను విజ్ఞానమును వెదకి తెచ్చుకొనవలెననునది. మాట చెప్పి వారూరకుండలేదు. ఓడలు కట్టుటకు, రైలుదారులు వేయుటకు, వైద్యము నేర్పుటకు, భాష చెప్పుటకు పాశ్చాత్యులను జీతములిచ్చి పిలిపించుకొనిరి. 1871లో గ్రిఫిసు అను అమెరికావాడు ఫుకుయి పట్టణమునకు పోయి రసాయనశాస్త్రము బోధించెను. 1876లో క్లార్కు అను మరియొక అమెరికావాడు సప్పొరోలో వ్యవసాయ కళాశాలను నడపుటకు పోయి, ఎనిమిది మాసములే ఉండి, నేటికిని ఆ ప్రాంతమువారు తలచుకొను పేరు సంపాదించెను. ఇట్టి వారిని జపానువారు ‘ఓయాతొయి’ అనిరి. ‘జీతమునకు కుదుర్చుకొన్నవారు’ అని దాని యర్థము. గడువుండును, గడువు తీరినంతనే సెలవు. తమవారు ఆ విద్య నేర్చినంతవరకే పరదేశి యక్కర. ఇందు తప్పు పట్టవలసినది లేదు. తన కాళ్లమీద నిలువగోరు జాతి చేయవలసిన పనియే అది. కాని మనుష్యుడు పనిముట్టు కాడు గదా! వచ్చినవాడు అచ్చటనే వేరు పాతుకొనినచో ఏమి జరుగును?

అట్లు వేరు పాతుకొన్నవారిలో ప్రసిద్ధుడు లాఫ్కాడియో హెర్న్. ఇతడు 1850లో గ్రీకుదేశపు దీవియొకదానియందు పుట్టెను. తండ్రి ఐర్లండువాడు, సైన్యములో వైద్యుడు, తల్లి గ్రీకుదేశస్థురాలు. పిన్ననాడే తలిదండ్రులకు దూరమయ్యెను. బడిలో చదువుకొనునప్పుడు ఒక ప్రమాదమున ఎడమకన్ను పోయెను, రెండవకంటిచూపును మందమే. పందొమ్మిదవయేట అమెరికాకు పోయి, దారిద్ర్యమనుభవించి, పత్రికలకు వ్రాయుచు బ్రతికెను. 1890 ఏప్రిలులో యొకొహామా రేవున దిగునప్పటికి వయస్సు నలువది నిండవచ్చెను. ఆ యేటి ఆగష్టు చివర మత్సుయె అను చిన్న పట్టణమున మధ్యమ పాఠశాలలో ఇంగ్లీషు బోధకుడుగా చేరెను. జీతము నెలకు నూరు యెన్నులు. ఆ కాలమునకు అది చిన్న మొత్తము కాదు.

మత్సుయె షింజి సరస్సు ఒడ్డుననున్న ఊరు. అచ్చటి ప్రాతఃకాలమును హెర్న్ తన గ్రంథమున వర్ణించియున్నాడు. తెల్లవారకమునుపే అతనిని మేలుకొలిపినది బియ్యము దంచు పెద్దరోకటి చప్పుడు. పిమ్మట బౌద్ధాలయపు గంట. అటు పిమ్మట కూరగాయలమ్మువారి కేకలు. కిటికీ తెరచి చూచిన, జనులు ఏటి మెట్లు దిగి, ముఖము కడిగి, నోరు పుక్కిలించి, తూర్పుమొగమై సూర్యునికి చేతులు చరచి మ్రొక్కుచుండిరి. రోకటిపాటును సూర్యనమస్కారమును ఎరిగిన మనకిది వింత కాదు. పొగగొట్టముల నగరములనుండి వచ్చిన హెర్నునకు మాత్రము అది క్రొత్తలోకముగా తోచెను.

ఇక ఇంటి సంగతి. జపాను ఇంట అడుగిడువాడు వాకిటనే చెప్పులు విడువవలెను. విడిచిన చెప్పుల మొనలు వీధివైపునకు త్రిప్పి యుంచుట మర్యాద. లోపల నేలపై పరచినవి ‘తతామి’ అను చాపలు. వరిగడ్డి దట్టముగా పేర్చి కుట్టి, పైన తుంగవంటి గడ్డితో నేసిన అల్లికను కప్పుదురు. ఒక్కొక్కటి రమారమి ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. గది ఎంతయని యడిగిన, ఆరు చాపల గది, ఎనిమిది చాపల గది యని చెప్పుదురు. గోడలకు బదులు చాలచోట్ల కాగితమంటించిన తలుపు చట్రములు. అవి ప్రక్కకు జరుగును. కుర్చీ లేదు, మంచము లేదు. రాత్రి పరుపు పరచుకొని, ఉదయమున మడచి అరలో పెట్టుదురు. పడకటిల్లే భోజనశాల, భోజనశాలయే అతిథిశాల. కుర్చీకి అలవాటుపడిన పాశ్చాత్యునికి మోకాళ్లు మడచి కూర్చుండుట ఒక తపస్సు. చలికాలమున కాగితపు తలుపులగుండ మంచుగాలి దూరును. కుంపటిలోని బొగ్గులు చేతులను కాచునే గాని గదిని కాచవు. మొదటి చలికాలముననే హెర్న్ జబ్బుపడెను.

స్నానమునకును ఒక పద్ధతి కలదు. తొట్టి బయటనే కూర్చుండి ఒడలు శుభ్రముగా తోముకొని కడుగుకొనవలెను. అటుపిమ్మటనే వేడినీటి తొట్టిలో దిగవలెను. ఆ నీటిలోనే ఇంటివారందరును ఒకరి తరువాత నొకరు దిగుదురు. అతిథి కలడేని మొదటి వంతు అతనిది. ఈ క్రమమెరుగక తొట్టిలోనే సబ్బు రుద్దుకొనిన పరదేశి ఇంటివారందరి స్నానమును చెరచినవాడగును.

భోజనము అన్నము, చేపలు, సోయాచిక్కుడు ముద్దతో కాచిన చారు, ఊరవేసిన కూరలు. రెండు పుల్లలతో తినుట. ఆ పుల్లలను అన్నములో నిలువుగా గ్రుచ్చరాదు. చనిపోయినవారికి పెట్టు అన్నములో అట్లు గ్రుచ్చుదురు. ఒకరి పుల్లలనుండి మరియొకరు పుల్లలతో పదార్థమును అందుకొనరాదు. దహనమైన పిదప ఎముకలను ఏరునప్పుడు అట్లు చేయుదురు. పిండమును, అస్థిసంచయనమును ఎరిగిన మనపెద్దలకు ఈ నిషేధముల వెనుకనున్న భావమును వేరుగ చెప్పనక్కరలేదు. హెర్న్ పదిమాసములు కేవలము జపాను భోజనముననే ఉండెను. జబ్బుచే బలము తగ్గిన పిదప, మాంసమును గ్రుడ్లును మరల మొదలుపెట్టవలసివచ్చినదని తానే దాచక వ్రాసెను. మనస్సు మారినంత త్వరగ కడుపు మారదు.

పాఠశాలలో అతనికి దొరకిన గౌరవము వేరు. జపానువారు ఉపాధ్యాయుని ‘సెన్‌సేయి’ అని పిలుతురు. ఆ మాటకు ‘ముందు పుట్టినవాడు’ అని అక్షరార్థము. వయస్సునకు ఇచ్చు మన్ననయు విద్యకిచ్చు మన్ననయు వారికొక్కటే మాటలో ఇమిడినవి. గురువు లోపలికి రాగానే విద్యార్థులందరును లేచి తలవంచుదురు. పాఠము ముగిసినప్పుడును అట్లే. హెర్నునకు చూపు తక్కువగుటచే, కాగితము కంటికి దగ్గరగా నుండునట్లు ఎత్తైన బల్ల యొకటి ప్రత్యేకముగా చేయించుకొని దానిపై వ్రాసెడివాడు. విద్యార్థులు సెలవుదినములందు అతని యింటికి వచ్చి, పూలు తెచ్చి, తమ ఇంటనున్న పాత చిత్రపటములను చూపి, చాలసేపు కూర్చుండి పోయెడివారు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు నిషిదా సెంతారో ఇంగ్లీషు చక్కగా నెరిగినవాడు. అతడే హెర్నునకు స్నేహితుడును, దుబాసియు, ఆచారములు చెప్పు గురువునై యుండెను. బయటివానికి ఇట్టివాడొక్కడు దొరకిన చాలును, ఊరు సగము స్వంతమైనట్లే.

ఆ విద్యార్థులలో యొకొగి అనువాడు వడ్రంగి కుమారుడు. తలిదండ్రులు బీదలు. బాలుని తెలివి చూచి ధనికుడొకడు చదువు చెప్పించుటకు పూనుకొనెను. వాడు తరగతిలో మేటియయ్యెను. కాని జబ్బుపడి మంచమెక్కెను. మరణించుటకు ముందటి రాత్రి వానికొక కోరిక పుట్టెను: పాఠశాలను ఒకసారి చూడవలెనని. ముసలి సేవకుడు వానిని వీపుపై మోసికొని చీకటిలో బడికి తీసికొనిపోయెను. వాడు తన తరగతిగది కిటికీని చూచి తృప్తిపడి మరలెను. హెర్న్ ఈ వృత్తాంతమును విని తన గ్రంథమున వ్రాసియుంచెను. చదువనగా ఆ పిల్లలకు ఎట్టి ప్రాణమో దీనివలన తెలియును. అట్టి పిల్లలకు బోధించువాడు జీతపురాళ్లు లెక్కపెట్టుకొని తిరిగిపోగలడా?

హెర్న్ తిరిగిపోలేదు. 1891లో అతడు కొయిజుమి సెత్సు అను ఆమెను ఇల్లాలిగా చేసికొనెను. ఆమె క్షత్రియులవంటి సాముారాయి వంశములో పుట్టినది. దొరతనము మారుటచే ఆ కుటుంబము లేమిలో పడియుండెను. ఆమెకు ఇంగ్లీషు రాదు, అతనికి జపాను భాష రాదు. ఇద్దరును కలసి ఒక క్రొత్త పలుకుబడి కల్పించుకొనిరి. విభక్తులు లేవు, క్రియారూపముల మార్పు లేదు. మాట ప్రక్కన మాట పెట్టుటయే. ‘హెర్నుగారి భాష’ యని ఇంటివారు దానికి పేరు పెట్టిరి. రాత్రివేళ ఆమె పాత కథలు చెప్పును. పుస్తకము చూచి చదువరాదు, తన నోటిమాటగా చెప్పవలెనని అతడు పట్టుపట్టును. అట్లు విన్న కథలు పెక్కు 1904లో ‘క్వయిదాన్’ అను గ్రంథముగా వెలువడి లోకమంతట వ్యాపించినవి. వానికి మూలము ఇల్లాలి నోరే.

ఇచ్చట మనభాషను గూర్చి ఒకమాట. జపానుభాషలో క్రియ వాక్యము చివర వచ్చును. విభక్తులు నామము తరువాత చేరును. మాటలు చాలవరకు అచ్చులతో ముగియును. ఈ మూడును తెనుగునందును కలవు. వారి అక్షరముల వరుస అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, స, త, న అని సాగును. బౌద్ధులతో పోయిన సంస్కృతాక్షర విద్యవలన ఆ వరుస ఏర్పడినదని పండితులందురు. వారును మనవలెనే ఇంటిపేరు ముందును, పెట్టిన పేరు వెనుకను చెప్పుదురు. ఇంగ్లీషువాడు తలక్రిందులుగా భావించవలసినవి తెనుగువాడు నిలుచున్నచోటనే గ్రహింపగలడు. కాని వారి లిపిలోని చీనా గుర్తులు వేలకొలది. అవి మాత్రము అందరికిని సమానముగా కష్టమే. హెర్న్ పదునాలుగేండ్లు కాపురముండియు వార్తాపత్రికను సుఖముగా చదువలేకపోయెను.

1891 నవంబరులో అతడు మత్సుయెనుండి కుమమోతోలోని ఉన్నత పాఠశాలకు మారెను. జీతము రెట్టింపైనది. చలియు తక్కువ. భార్యను పెంచిన తలిదండ్రులును వెంట వచ్చిరి, సంసారము పెరిగెను. ఆ పాఠశాలకు అధ్యక్షుడు జూడో మల్లవిద్యను స్థాపించిన కానో జిగోరో. కాని అచ్చట నిషిదా వంటి స్నేహితుడు లేడు. విద్యార్థులు పెద్దవారు, ముభావులు. తోడి ఉపాధ్యాయులు మర్యాదగా తలవంచి తమదారిని తాము పోవుదురు. పాఠముల నడుమ విరామము వచ్చినప్పుడు హెర్న్ బడి వెనుకనున్న గుట్టయెక్కి, పాత శ్మశానమున ఒక రాతిబుద్ధుని చెంత కూర్చుండెడివాడు. చిన్న ఊరిలో దొరకిన ఆదరము పెద్ద ఊరిలో దొరకకపోవుట ఎల్లదేశములందు కన్పట్టునదే.

1893 నవంబరులో కుమారుడు పుట్టెను. అప్పుడు అసలు చిక్కు బయలుపడెను. 1873నాటి శాసనము ప్రకారము జపాను స్త్రీ పరదేశిని చట్టరీత్యా పెండ్లాడినచో తన దేశపౌరత్వమును కోలుపోవును. పరదేశులకు భూమి కొనుటకు హక్కు లేదు. హెర్న్ మరణించినచో భార్యకును బిడ్డకును ఆస్తి దక్కుట సందేహము. దీనికి ఒకటే మార్గము: అతడే అల్లుడై ఆమె ఇంటిలో చేరుట. మనవారు ఇల్లరికమందురే, అదియే. 1896లో అతడు కొయిజుమి ఇంటిలో చేరి, ఆ ఇంటిపేరు ధరించి, యకుమో అని పేరు పెట్టుకొనెను. ఆ మాటకు ‘ఎనిమిది మేఘములు’ అని యర్థము. మత్సుయె ప్రాంతమైన ఇజుమోనకు అది ప్రాచీన కవులు వాడిన విశేషణము. నలువదియైదేండ్ల వయస్సున మనుష్యుడు తన పేరును, తన రాజ్యమును విడిచిపెట్టుట తేలిక కాదు. పరదేశిగా ఉన్నంతవరకు ఆపదవేళ తన దేశపు రాయబారిని ఆశ్రయింపవచ్చును. ఇకపై అదియు లేదు. ఇల్లు దక్కెను, వెనుకదారి మూసికొనిపోయెను.

ఆ సంవత్సరముననే టోకియో విశ్వవిద్యాలయమున ఆంగ్లసాహిత్య బోధకుడయ్యెను. అతడు పాఠము చెప్పు పద్ధతి చిత్రమైనది. విద్యార్థులకు ఇంగ్లీషు వినుట కష్టమని యెరిగి, చిన్న వాక్యములలో, మెల్లమెల్లగా, వారు ప్రతిమాటయు వ్రాసికొనునట్లు చెప్పెడివాడు. తాను వ్రాసియుంచుకొన్నది లేదు. అతని మరణానంతరము ఆ విద్యార్థుల వ్రాతపుస్తకములనుండియే ఆ ఉపన్యాసములు అచ్చువేయబడినవి. పాఠము ఎంత చక్కగా అందినదో దీనికన్న వేరు సాక్ష్యము వలదు. ఇంటికి వచ్చిన, జపాను దుస్తులు ధరించి వ్రాతలో మునుగును. చుట్టగొట్టమునకు నిప్పు కావలసినప్పుడు శంఖమూది పిలిచెడివాడు.

1903లో విశ్వవిద్యాలయముతో అతని ఒప్పందము ముగిసెను. అధికారులు పూర్వపు షరతులపై కొనసాగింపలేదు. విద్యార్థులు తమ గురువును ఉంచుడని మొరపెట్టుకొనిరి. ఆ పాఠములను చెప్పుటకు వచ్చినవాడు ఇంగ్లండులో చదివి వచ్చిన నత్సుమె సోసెకి. తరువాత జపానున మహానవలాకారుడైనవాడు. తమవారు సిద్ధమైనప్పుడు పరదేశి తప్పుకొనవలెనను ఓయాతొయి నియమము, పేరు మార్చుకొనిన యకుమోను సైతము విడువలేదు. చట్టమున జపానువాడయ్యెను, కొలువులో పరదేశిగనే ఎంచబడెను. మరుసటి యేట వసేదా విశ్వవిద్యాలయమున చేరి, ఆ సెప్టెంబరు 26వ తేదీన హృద్రోగముచే మరణించెను. టోకియోలోని జోషిగయా శ్మశానమున బౌద్ధవిధిగా సమాధి జరిగెను.

మనదేశమువారును ఇట్లు బోధకులుగా పోయిరి. భోపాలునకు చెందిన బర్కతుల్లా 1909 మొదలు 1914 వరకు టోకియోలో హిందుస్థానీ నేర్పెను. అతడు స్వరాజ్యవాది యగుటచే ఆంగ్లప్రభుత్వము ఒత్తిడి చేయగా ఆ కొలువు పోయెను. పరదేశోపాధ్యాయుని బ్రతుకు రెండు ప్రభుత్వముల నడుమ దారమువంటిది.

నేటికిని ఆ దేశము పరదేశులను పిలుచుచునే యున్నది. 1987లో ప్రభుత్వము ఒక పథకమును ఏర్పరచి, నాలుగు దేశములనుండి 848 మంది యువతీయువకులను రప్పించెను. వారిలో పెక్కుమంది పల్లెటూళ్ల బడులలో ఇంగ్లీషు చెప్పుటకు దేశోపాధ్యాయులకు తోడుగా ఉందురు. ఒప్పందము ఏడాదికొకసారి; అయిదేండ్లకు మించదు. బడి వాకిట చెప్పులు విడిచి లోపలిజోడు తొడుగుకొనుట, పిల్లలే అన్నము వడ్డించుకొని తినుట, పిల్లలే గదులు ఊడ్చి తుడుచుట వారు చూచుచున్నారు. ఊరికి పోయి వచ్చినప్పుడు తోడివారందరికిని మిఠాయి తేవలెను. క్రొత్తయింట దిగినప్పుడు ఇరుగుపొరుగులకు చిన్న కానుకతో పోయి పరిచయము చేసికొనవలెను. చెత్తను సైతము రకములుగా విడదీసి, ఏ వారమున ఏ రకమో ఎరిగి బయట పెట్టవలెను. ఈ యొక్కటి తప్పిన, పొరుగువారి మంచిమాట దక్కదు.

పెద్దలారా! ఈ వృత్తాంతమునుండి నాకు తోచినది విన్నవించెదను. పరదేశిని లోపలికి తెచ్చినవి శాసనములు కావు. స్నేహితుడొకడు, ఇల్లాలొకతె, పూలు తెచ్చిన విద్యార్థులు. శాసనము అతనికి పేరు నిచ్చెను. మనుష్యులు చోటు నిచ్చిరి. అతడు మత్సుయెలో ఉన్నది పదునైదు మాసములకు లోపే. ఐనను ఆ ఊరివారు అతడు కాపురముండిన ఇంటిని నేటికిని కాపాడుచున్నారు; 1940లో అది చారిత్రకస్థలముగా నిర్ణయింపబడెను. మన గ్రామములకును పొరుగుతాలూకానుండియో, పొరుగు రాష్ట్రమునుండియో, వేరుభాషవాడో, వేరుకులమువాడో బడిపంతులు వచ్చుచుండును. అతనికి బసయు భోజనమును ఏర్పాటు చేయుట మర్యాద. అది చేయుచునే యున్నాము. ఒకనాటి సాయంకాలము చావడిలో మాట సాగుచుండగా అతడు వచ్చినచో మాట ఆపక, ప్రక్కకు జరిగి, అరుగుమీద చోటు చూపుడు. మన పిల్లలకు అతడు చెప్పు చదువు ఆ సాయంకాలమునుండి మరింత నిండుగా నుండును.